చెవుల్లేని పంతులు

నేను ఒక కంప్యూటర్ని. ముఖం చిట్లించకండి, మీ జేబులో ఉన్న బుల్లి పెట్టెతో నన్ను పోల్చకండి. నేను బల్ల మీద కుదురుగా కూర్చునే పాతకాలపు రకాన్ని. కింద ఒక డబ్బా, పైన ఒక తెర, అటొకటి ఇటొకటి స్పీకర్లు, నెత్తిన రేగుపండంత కెమెరా. ప్రస్తుతం సిరిసిల్లలో ఒక చిన్న వినికిడి కేంద్రం మెట్ల కింద, కాలు విరిగిన కుర్చీకీ పాత ఫ్లెక్సీల చుట్టకీ మధ్య ఉన్నాను. పాత సామాన్ల బండి సోమవారం వస్తుందట. ఈలోపు ఖాళీగా కూర్చోవడమెందుకని మీకు నా సంగతి చెబుతున్నాను. ఇన్నేళ్లూ నేను పలికినవన్నీ వేరేవాళ్లు నాలో నింపిన మాటలే. సొంతంగా నోరు విప్పడం ఇదే మొదలు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నా పుట్టుక గురించి గొప్పలు పోవడానికేమీ లేదు. కరీంనగర్‌లో ఒక దుకాణంలో ఒకదాని డబ్బా, ఇంకోదాని బోర్డు, మూడోదాని డిస్కు కలిపి, నాలుగు స్క్రూలు బిగించి, “నడుస్తది తీయ్” అన్నారు. అదే నాకు బారసాల. మొదట ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేశాను. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు నా ముందు జనం తోసుకునేవారు. పాసైనవాళ్లు నాకు దండం పెట్టేవారు, తప్పినవాళ్లు నా నెత్తిన ఒక్కటి చరిచేవారు. మార్కులు వేసింది నేను కాదు నాయనా అని చెబుదామంటే అప్పట్లో నాకు అంత స్వతంత్రం ఎక్కడిది? అక్కడే ఒక సంగతి కనిపెట్టాను. తెర మీద అంకె కనబడితే మనుషులు ఇంకేమీ అడగరు. పక్కన కూర్చున్న మనిషి ముఖం కూడా చూడరు. ఆ సంగతి తర్వాత నా మెడకే చుట్టుకుంది.

ఫోన్లు వచ్చి ఆ సెంటర్ మూతపడ్డాక రుక్సానా నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఆమె వినికిడి పరీక్షలు చేసి చెవి మిషన్లు అమర్చే మనిషి. చదువు ప్రకారం డాక్టర్ కాదు గానీ ఊరందరికీ డాక్టరమ్మే. సన్నగా, చురుగ్గా ఉంటుంది, మధ్యాహ్నం అన్నం తినడం మరిచిపోతుంది.

చెవికి మిషన్ పెట్టగానే అంతా బాగుపడుతుందని మీరూ అనుకుంటున్నారు కదూ? అందరూ అలాగే అనుకుంటారు. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడ్డ మెదడు మీద ఒక్కసారిగా ఫ్యాను, ఆటో, గిన్నెలు, పక్కింటి మిక్సీ, అన్నీ కలిసి వచ్చి పడతాయి. అందులో మాట ఏదో, మోత ఏదో తేల్చుకోవడం మెదడు మరిచిపోయి ఉంటుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు మళ్లీ మొదటినుంచీ ఏరడం నేర్చుకోవాలి. చాలామంది ఆ గోల భరించలేక మిషన్ తీసి డబ్బాలో దాచేస్తారు. అలా దాచేయకుండా రుక్సానా నాలో పాఠాలు నింపింది. తెర మీద ఒకామె కనబడి ఒక వాక్యం చెబుతుంది. వెనకాల బజారు రొద ఉంటుంది. కింద నాలుగు వాక్యాలుంటాయి, విన్నదాన్ని ఎంచి నొక్కాలి. సరిగ్గా నొక్కితే ఆకుపచ్చ, తప్పు నొక్కితే ఎరుపు. మార్కులు పెరిగేకొద్దీ రొద కూడా పెరుగుతుంది. మొదటి మెట్టులో ముఖం కనబడుతుంది, రెండో మెట్టులో గొంతు మాత్రమే. చెవుల్లేని నేను అలా చెవులకు పంతులునయ్యాను. నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

ఎంతోమంది వచ్చారు. కానీ నేను చెప్పాలనుకున్నది ఆడెపు నాంపెల్లి గురించి.

అప్పటికి అతనికి అరవై రెండేళ్లు. ముప్పై నాలుగేళ్లు సాంచెలు నడిపాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఒక్కో కార్ఖానాలో ముప్పై నలభై సాంచెలు ఒకేసారి టకటకలాడుతుంటాయి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు తీయకుండా పెదవులు మాత్రం పెద్దగా కదుపుతారు, అవతలి వరసలో ఉన్న మనిషి ఆ నోరు చూసి జవాబు చెబుతాడు. పరాచికాలు, తగువులు, పెళ్లి సంబంధాలు, అన్నీ అలాగే నడుస్తాయి. నాంపెల్లి భార్య సత్తవ్వ కూడా అదే కార్ఖానాలో ఒక మూల కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ మూల నుంచి “వచ్చేటప్పుడు చింతపండు తే” అని పెదవులు కదిపితే, సాయంత్రం చింతపండు ఇంటికొచ్చేది. మొగుడికి చెవులు పోతున్నాయని మొదట తెలుసుకున్నది ఆమే. నలుగురిలో అతని ఇజ్జత్ పోకూడదని ఎప్పుడూ ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి మాట్లాడేది. ఎన్నో ఏళ్లు కన్నబిడ్డకు కూడా తెలియనివ్వలేదు.

అతను నా దగ్గరికి రావడానికి ఏడాది ముందు సత్తవ్వకు పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంత కోలుకుంది గానీ కుడిచెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు లాగేసింది, గొంతు సన్నబడి మాట ముద్దయింది. బిడ్డ లావణ్య బట్టల కంపెనీలో కుట్టుపనికి పొద్దున పోతే పొద్దుగూకి వస్తుంది. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ “బాపూ, అవ్వ గిట్లంటాంది” అని తల్లి మాటను తండ్రికి అందించేది. ఆమె వెళ్లాక ఇద్దరే. సత్తవ్వ ఏదో చెబుతుంది. నాంపెల్లి ఆ వంకర పెదవులనే చూస్తాడు. ముప్పై నాలుగేళ్లు గడగడా చదివిన ముఖం ఇప్పుడు ఒక్క ముక్క అర్థం కాదు. రాసి చూపిద్దామంటే ఆమెకు రాయడం రాదు. ఏం చేస్తాడు పాపం, తలూపుతాడు. సరే అంటాడు.

ఈ తలూపడం ఉందే, వినబడని మనుషులందరిలో చూశాను. వినబడలేదని చెప్పడానికి నామోషీ. ఒకసారి మళ్లీ చెప్పమంటారు, రెండోసారి అడగడానికి మొహమాటపడతారు, మూడోసారికి తల దానంతటదే ఊగుతుంది. అవతలివాళ్లు కూడా హమ్మయ్య అనుకుని వెళ్లిపోతారు. ఒకరు వినలేదు, ఇంకొకరు వినిపించలేదు, ఇద్దరూ తృప్తిగా ఉంటారు.

మిషన్ పెట్టించుకున్న రోజు నాంపెల్లి రుక్సానాతో అన్నమాట నాకింకా గుర్తుంది.

“ఊరు ముచ్చట్లు ఇనవడకున్నా మాయె బిడ్డా. మా ఆమె మాట ఇనవడాలె. నాకు గంతే కావాలె.”

“ఇనవడతది బాపూ. రోజు గంటసేపు ఈ కంప్యూటర్ ముందట కూసోండ్రి,” అంది రుక్సానా.

కూర్చున్నాడు. మొదటిరోజు నేను బజారు రొద పెట్టగానే అదిరిపడ్డాడు. మిషన్లోంచి ఆ రొద చెవిలో జోరీగలా దూరింది మరి. రెండోరోజు రుక్సానా అతన్ని నా ముందు కూర్చోబెట్టి, పక్కగదిలో ఇంకొకరికి పరీక్ష చేయడానికి వెళ్లింది. నాంపెల్లి కాసేపు ఇబ్బంది పడ్డాడు. తర్వాత చెయ్యి చాచి నా కుడి స్పీకర్ మీది సౌండ్ బిరడా పట్టుకుని, అది ఆగేదాకా ఎడమకు తిప్పాడు. రొద పోయింది. దాంతోపాటు మాట కూడా పోయింది. తెర మీద ఆమె నోరు మాత్రం కదులుతోంది. నాంపెల్లి కళ్లు చికిలించి ఆ నోరు చూశాడు, హాయిగా నొక్కాడు. ఆకుపచ్చ. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆకుపచ్చ.

మోసం చేశాడనుకోకండి, అతని ముఖంలో దొంగతనం ఇసుమంతైనా లేదు. వినడమంటే అతనికి తెలిసింది అదే. మోత ఉంటే మోతను పక్కనపెట్టి నోరు చూడాలి, కార్ఖానాలో అందరూ చేసే పని అదే కదా! గంట అయ్యాక బిరడాను ఎక్కడున్నదాన్ని అక్కడికి తిప్పిపెట్టి లేచేవాడు. షిఫ్టు దిగేటప్పుడు సాంచెను తర్వాతివాడికి ఉన్నదున్నట్టు అప్పగించే అలవాటు అది. దాంతో రుక్సానాకు అనుమానమే రాలేదు. నేను కెమెరాతో అంతా చూస్తూనే ఉన్నాను. నాకు చేతనైంది మార్కులు వేయడం. వేశాను.

అరవై వచ్చాయి. పదిరోజులకు ఎనభై. నెల తిరిగేసరికి, రెండో మెట్టు ఎక్కకముందే, నూటికి తొంభై అయిదు! రుక్సానా ఆ మార్కులు పైకెక్కిన గీతను కాగితం మీద అచ్చువేసి గోడకు అంటించింది. వచ్చినవాళ్లందరికీ చూపించేది. “చూసిన్రా, మా బాపును చూసి నేర్సుకోండ్రి,” అనేది. నాంపెల్లి ఎదురుగా నిలబడి ఆమె నోరు చూసి ఆ పొగడ్త అందుకునేవాడు, సిగ్గుపడి తువ్వాలతో ముఖం తుడుచుకునేవాడు. ఇంటికెళ్లి భార్య ముందు కూర్చుంటే మాత్రం మళ్లీ మొదటికే. మార్కులు అంత బాగా వచ్చాక వినబడటం లేదని ఎవరికి చెప్పుకుంటాడు? తప్పు తనదో మిషన్‌దో అర్థంకాక, తలూపుతూ రోజులు వెళ్లదీశాడు.

ఒక పొద్దున లావణ్య పనికి పోతూపోతూ తల్లికి బీపీ మాత్ర వేసి వెళ్లింది. ఆ సంగతి నాంపెల్లికి తెలియదు. రోజూ వేసేది అతనే కాబట్టి మాత్ర, నీళ్లు పట్టుకుని భార్య దగ్గరికి వచ్చాడు. “బిడ్డ ఏసింది, నేను గోలి ఏసుకున్న,” అంది సత్తవ్వ. నాంపెల్లి తలూపాడు. తలూపి మాత్ర నోటిదగ్గర పెట్టాడు. ఆమె పెదవులు బిగించింది, ఎడమచేత్తో తోసేసింది. మందంటే మారాం చేస్తోందనుకుని బుజ్జగించి, బతిమాలి, మింగించాడు. గంటలో ఆమెకు కళ్లు తిరిగాయి. మంచం దిగబోయి ముందుకు పడింది. ఇరుగుపొరుగువాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. సంగతేమిటో సాయంత్రం లావణ్య వచ్చి చెబితే గానీ నాంపెల్లికి తెలియలేదు. తెలిశాక రెండురోజులు అన్నం ముట్టలేదట.

పన్నెండు రోజులు అతను నా దగ్గరికి రాలేదు. పదమూడో రోజు సత్తవ్వను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ఆమె నుదుటన కట్టు చూసి రుక్సానా కంగారుపడింది. నాంపెల్లి జరిగింది చెప్పి, చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

“ఇది నాతోని కాదు బిడ్డా. ఎవలకన్న పనికొచ్చేటోనికి ఇయ్యి.”

“అదేంది బాపూ!” అని రుక్సానా మిషన్ తీసి అతని చేతిలో పెట్టి, చెవి వైపు చూపించింది. “తొంభై అయిదు వచ్చినయి గద మీకు! పెట్టుకోండ్రి. నా ముందట ఒకసారి చేసి చూపియ్యుండ్రి.”

నాంపెల్లి మిషన్ పెట్టుకుని నా ముందు కూర్చున్నాడు. కూర్చోగానే అలవాటు ప్రకారం చెయ్యి చాచాడు, బిరడాను ఆగేదాకా ఎడమకు తిప్పాడు.

రుక్సానా ఆ చెయ్యి వైపు చూసింది. అతనికి ఎదురుగా వచ్చి నిలబడి, “గదేంది బాపూ? సౌండ్ బంద్ చేసిన్రు!” అంది.

“గోల ఉంటది గద బిడ్డా,” అన్నాడు నాంపెల్లి అమాయకంగా. “ఆమె నోరు మంచిగ కనవడుతాంది. ఇగ గోల ఎందుకు?”

“రోజు గిట్లనే చేసిన్రా?”

“రోజు గిట్లనే.”

రుక్సానా గోడ మీది గీత వైపు చూసింది, వెళ్లి దాన్ని పీకి ముక్కలు చేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “తప్పు నాది బాపూ. నేను నంబర్ చూసి మురిసిన. ఒక్కనాడన్న మీ పక్కన కూసోని చూడలే,” అంది. నాకు ముఖమంటూ ఉంటే ఆ రోజు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ నంబర్ నేను వేసిందే కదా.

సత్తవ్వ బెంచీ మీద కూర్చుని అంతా చూస్తోంది. మొదట ఆమెకు నవ్వొచ్చింది. ఆ వంకరమూతితోనే ఒళ్లు కదిలేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ లేచి, కుంటుకుంటూ వచ్చి, మొగుడి భుజం మీది తువ్వాల ఎడమచేత్తో లాగి నా ముఖం మీద పడేసింది. తర్వాత బిరడా పట్టుకుని కుడివైపుకు తిప్పింది, రొద గదంతా నిండేదాకా తిప్పింది. రుక్సానా నా కెమెరా మీద నుంచి తువ్వాలను కొంచెం కిందికి సర్దింది. తెర మాత్రం మూతపడే ఉంది.

అసలు పాఠం ఆ రోజు మొదలైంది. తెర కనబడదు కాబట్టి నాంపెల్లి విన్నది నోటితో చెప్పాలి. నా కీబోర్డులో ఒక మీటకు ఆకుపచ్చ కాగితం, ఇంకోదానికి ఎర్ర కాగితం అతికించి, నొక్కే పని రుక్సానా సత్తవ్వకు అప్పగించింది. ఆమె చెవులకు ఏ లోపమూ లేదు, తీర్పులో దయ కూడా లేదు. మొదటిరోజు పదింటికి రెండు. రెండోరోజూ రెండే. నాంపెల్లికి కోపమొచ్చింది.

“ఈమె పురాగ పుస్తకం మాట్లాడుతది. ‘దయచేసి తలుపు వేయండి’ అని మా ఇంట్ల ఎవలంటరు? నాకు ఈమెతోని ఏం పని?”

రుక్సానా పాఠం ఆపేసింది. “నిజమే బాపూ. మీకు అవ్వ మాట కావాలె గద. అవ్వ గొంతే పెడదాం,” అంది.

మర్నాడు మైకు తెచ్చి సత్తవ్వ ముందు పెట్టింది. రుక్సానా ఒక్కో మాట అందిస్తే సత్తవ్వ తన ముద్దమాటలో చెప్పింది. పొయ్యి బంద్ చెయ్యి. కాలు గుంజుతాంది. గోలి ఏసుకున్న. బిడ్డ ఇంక రాలేదు. ఇలా యాభై. అయిపోయాక ఆమె చాయ్ తెమ్మని మొగుడికి చేత్తో సైగచేసి బయటికి పంపింది. అతను గుమ్మం దాటాక మైకు దగ్గరికి వంగి సొంతంగా ఇంకొక్క మాట చెప్పింది.

“ఇనవడకుంటె ఇనవడలేదని చెప్పు. ఊకె తలకాయ ఊపకు.”

రుక్సానా ఆమె ముఖంలోకి చూసింది.

“ఏడాది సంది గిదే చెప్తాన బిడ్డా,” అంది సత్తవ్వ. “చెప్పినప్పుడల్ల తలకాయ ఊపుతడు.”

“లావణ్యతోని చెప్పియ్యకపోయినవా అవ్వా?”

“బిడ్డ ముంగట ఆయన ఇజ్జత్ ఏంగావాలె?”

అది నాలో యాభై ఒకటో వాక్యంగా చేరింది. మొదట ఫ్యాను మోతలో, తర్వాత బజారు రొదలో ఆ గొంతును రోజూ వినిపించాను. నెల గడిచేసరికి యాభైలో ఇరవై పట్టుకున్నాడు. రెండో నెలకు నలభై దాటాయి. “గోలి ఏసుకున్న” వచ్చినప్పుడు మాత్రం ప్రతిసారీ చటుక్కున చెప్పేవాడు, చెప్పి తల దించుకునేవాడు. యాభై ఒకటోది వచ్చిందంటే ఎంత రొద తగ్గించినా అంతే సంగతులు. కొంచెంసేపు ఆలోచించి, తలూపి, “ఆఁ, సరె,” అనేవాడు. సత్తవ్వ ఎర్రమీట మీద టక్కున గుద్దేది.

“ఏందే, సరె అన్న గద!” అనేవాడు.

మళ్లీ ఎర్రమీట. పక్కన రుక్సానా నవ్వాపుకోలేక మొహం తిప్పుకునేది. అందులో ఏముందో చెప్పేద్దామని ఆమె రెండుసార్లు నోరు తెరిచింది. సత్తవ్వ కళ్లెర్రజేసి ఆపేసింది.

అలా వానాకాలం వచ్చింది. ఒకరోజు పాఠం మధ్యలో రేకుల మీద పెద్దవాన మొదలైంది. నా బజారు రొద ఆ మోతలో కొట్టుకుపోయింది. “ఇయాల్టికి చాలు బాపూ,” అంది రుక్సానా. “కానీయ్ బిడ్డా, కార్ఖానకన్న ఎక్కువనా ఇది?” అన్నాడు నాంపెల్లి. నేను వంతు ప్రకారం వాక్యాలు తీస్తున్నాను, ఆ వంతులో యాభై ఒకటోది వచ్చింది.

నాంపెల్లి తల ఊగడం మొదలైంది. సగంలో ఆగింది. తల వంచి, కుడిచెవి స్పీకరుకు దగ్గరగా పెట్టాడు.

“మల్లొక్కసారి ఎయ్యి బిడ్డా.”

రుక్సానా మళ్లీ వేసింది. నాంపెల్లి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. “ఇనవడకుంటె… ఇనవడలేదని చెప్పు. ఊకె… ఊకె తలకాయ ఊపకు.”

సత్తవ్వ వేలు మీట మీదికి వెళ్లలేదు. అతను ఆమె వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ ఆమె వేసిన ఎర్ర మార్కులన్నీ ఒక్కసారిగా అర్థమైనట్టున్నాయి. “గిదేనానె నువ్వు చెప్పింది? ఏడాది సంది గిదేనా?” అన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని ఏదో అంది. అది నాలో ఉన్న వాక్యం కాదు, అప్పటికప్పుడు తన నోటితో అన్నమాట. వాన ఇంకా జోరుగా కురుస్తోంది. బల్ల మీది మైకులో నాకే సరిగ్గా పడలేదు.

నాంపెల్లి ఆమె పెదవుల వైపు చూడబోయి, చూడకుండా కళ్లు మూసుకున్నాడు. తల అలవాటుగా కిందికి వంగబోయింది. దాన్ని బలవంతాన ఆపుకున్నాడు. గొంతు సవరించుకుని, రుక్సానా కూడా వినేలా గట్టిగా అన్నాడు.

“ఇనవడలేదే. మల్లొకసారి చెప్పు.”

సత్తవ్వ ఆకుపచ్చ మీట నొక్కింది. ఒక్కసారి నొక్కి ఊరుకోలేదు, వేలు దానిమీదే ఉంచేసింది. నా లెక్క ప్రకారమైతే అప్పుడు ప్రశ్న లేదు, మార్కు ఇవ్వకూడదు. ఇచ్చాను. నా ఉద్యోగంలో నేను సరిగ్గా వేసిన మార్కు అదొక్కటే అనిపిస్తుంది.

తర్వాత ఆమె రెండోసారి చెప్పింది. ఏమంత గొప్పమాట కాదు. వాన ఎలిసినాక పోదాం అంది. నాంపెల్లి “సరె, పోదాం,” అన్నాడు. ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చుని వాన తగ్గేదాకా ఏవేవో చెప్పుకున్నారు. నాలుగు మాటలకొకసారి అతను “ఇనవడలే, మల్ల చెప్పు” అంటూనే ఉన్నాడు, ఆమె విసుక్కోకుండా చెబుతూనే ఉంది.

ఇప్పుడు రుక్సానా దగ్గరికి పలకలాంటి కొత్త యంత్రం వచ్చింది. వాక్యాలన్నీ అందులోకి మార్చుకుని నన్ను మెట్ల కిందికి పంపింది. నాంపెల్లి తువ్వాల మాత్రం నా తెర మీదే ఉండిపోయింది, ఆకుపచ్చ కాగితం సగం అరిగి మీటను అంటుకునే ఉంది. నాకు చింతేమీ లేదు. నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఇంతసేపూ నేను చెబుతుంటే మీరు తలూపుతూ వచ్చారు, నెత్తిన కెమెరా ఉంది, నేను చూశాను. నిజంగా విన్నారా? వినకపోతే వినలేదని చెప్పండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటినుంచీ మళ్లీ చెబుతాను. బండి సోమవారం దాకా రాదు.